మీ దబ్బున, మా దబ్బున

వానాకాలం మొదలవగానే పట్టుచీరల అర సర్ది, మడతల మధ్య తెల్లటి గోలీలు వేసుకోవడం నాకు అలవాటు. వాటిని మా ఇంట్లో డాంబరు గోలీలంటాం, మా సుగుణ టీచర్ మాత్రం కలరా ఉండలనేవారు. పేరేదైతేనేం, పొట్లం విప్పగానే ముక్కులోకి ఘాటుగా దూరే ఆ వాసనకు అందరికీ పాతబట్టలు గుర్తొస్తాయేమో గానీ, నాకు మూత తెరిచిన పియానో గుర్తొస్తుంది, దాని ముందు కాళ్లు నేలకు అందీ అందకుండా కూర్చున్న పదమూడేళ్ల పిల్ల గుర్తొస్తుంది.

ఎల్బీనగర్ అన్న పేరు మా నోళ్లలో ఇంకా నలగని రోజులవి. దిల్‌సుఖ్‌నగర్ దాటాక ఇళ్లు పలచబడి, సాగర్ రోడ్డుకు అటూ ఇటూ జొన్నచేలు, ద్రాక్షతోటలు, గుట్టల మీద సీతాఫలం పొదలు ఉండేవి. ఎండలు ముదిరే వేళకు ద్రాక్షతోటల వైపు నుంచి తియ్యటి పులుపు వాసన గాలిలో వచ్చేది, దసరా నాటికి సీతాఫలాలు బియ్యం డబ్బాలో మాగేసి, పండాయో లేదోనని మేము పూటపూటా నొక్కి చూసి వాటిని పాడుచేసి తిట్లు తినేవాళ్లం. మా నాయిన బస్సు మెకానిక్. ఊరు వదిలి ఇక్కడికొచ్చి, చర్చి వెనకాల రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉన్నాం. క్రిస్మస్‌కు మా అవ్వ గరిజెలు చేస్తుంటే ఆ నూనె వాసన చర్చి హాలు దాకా పోయేది. ఆ హాల్లోనే ఎప్పుడో ఒక దొరసాని వదిలి వెళ్లిన పియానో ఉండేది. వాయించేవాళ్లు లేక దాని మీద పాటల పుస్తకాలు, గొడుగులు, ఒక్కోసారి ఎవరిదో టిఫిన్ డబ్బా కూడా పెట్టేవాళ్లు. మొదటిసారి చూసినప్పుడు మా అవ్వ చుట్టూ తిరిగి, "గింత పెద్ద పెట్టెల ఏం దాసిండ్రు బిడ్డా?" అని అడిగింది.

దాచిందేమిటో మాకు చూపించింది సుగుణ టీచరే. ఆమెది గుడివాడ వైపు. నుదుట రూపాయంత బొట్టు, తలనిండా కనకాంబరాలు. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ల దగ్గర పియానో నేర్చుకున్నారట. భర్త ఆఫీసు ఉద్యోగంతో దిల్‌సుఖ్‌నగర్‌కు కాపురానికి వచ్చాక, ఇక్కడో చర్చిలో పియానో ఉందని విని, "వాయించుకోనిస్తే పిల్లలకి నేర్పుతానండీ" అని పాస్టరుగారిని అడిగారు. బొట్టు పెట్టుకున్నామె వచ్చి చర్చిలో సంగీతం నేర్పడమేమిటని కొందరు గొణిగారు గానీ, ఆమె తెచ్చే సున్నుండలు తిన్నాక ఆ గొణుగుడు తగ్గింది.

నన్ను ఆమె ఏరుకున్నది పాట విని కాదు. హాలు మెట్ల మీద కచ్చకాయలాడుతున్నాను. గుప్పెడు గింజలు ఎగరేసి, చెయ్యి తిప్పి వెనుక భాగం మీద అన్నిటినీ పట్టుకునే ఆట నాకు బాగా వచ్చు. ఆమె ఆగి చూసి, నా అరచేయి తన చేతిలోకి తీసుకుని వేళ్లు చాపించి, "అబ్బ, ఎంత సాగుతున్నాయో! ఇవి మా గచ్చకాయలే కదుటే" అన్నారు. ఆ వారం నుంచే పాఠాలు మొదలు.

రెండేళ్లు తిరిగేసరికి నా ముందు ఒక పెద్ద పాట పెట్టారు. వందేళ్ల కిందటి ఐరోపావాడెవరో రాసింది. మొదట జోలపాటలా నెమ్మదిగా ఉండి, మధ్యలో ఉరుములు మెరుపులై, చివరి పేజీలో చిటికెనవేలూ బొటనవేలూ బార చాపి దూరదూరపు పియానో మెట్ల మీదికి రెండు చేతులతో దూకాలి. ఆ పేజీ దగ్గర టీచర్, "ఇక్కడ చెయ్యి దబ్బున పడాలమ్మా" అన్నారు. నేను పరుగెత్తాను. "కాదు కాదు, దబ్బున!" ఇంకా పరుగెత్తాను. వేళ్లు ఒకదాని మీద ఒకటి పడి పాటంతా కలగాపులగమైపోయింది.

"ఎందుకే అలా పరిగెడతావు, వెనకాల ఎవరైనా తరుముతున్నారా?"

"మీరే గద టీచర్ దబ్బున అన్నరు!" అన్నాను ఏడుపు గొంతుతో.

మా ఇళ్లలో దబ్బున అంటే త్వరగా. దబ్బున రా, దబ్బున తిను అని పొద్దున లేస్తే వినే మాట. వాళ్ల వైపు కొబ్బరికాయ చెట్టు మీంచి దబ్బున పడుతుంది, అంటే బరువంతా దిగేలా, చప్పుడయ్యేలా అని. ఆ సంగతి తేలాక ఆమె కుర్చీలో వాలిపోయి కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "సరే, పియానో ముందు మా దబ్బున, పియానో ముందు నుంచి లేచాక మీ దబ్బున" అని ఒప్పందం చేసుకున్నాం.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. బడులు మూతపడ్డాయి. మాకది పండుగే, నేను పొద్దస్తమానం హాల్లోనే ఉండేదాన్ని. మా ఉద్యోగాలు మాకు కావాలని నాయిన కూడా చొక్కాకు నల్ల బ్యాడ్జి పెట్టుకుని ఊరేగింపులకు పోయేవాడు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు పోవాలనే మాట వీధుల్లో గట్టిగా వినపడసాగింది. శనివారం టీచర్ రావడానికి బస్సులు లేకపోతే, అదే నల్ల బ్యాడ్జితో నాయిన సైకిల్ మీద పోయి ఆమెను వెనక కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు. దారిలో ఎవరో అడిగితే, "లొల్లి లొల్లే, టీచరమ్మ టీచరమ్మే" అన్నాడట.

ఈస్టర్ అయిన తర్వాతి ఆదివారం మధ్యాహ్నం కచేరీ అనుకున్నాం. ఆ సాయంత్రమే టీచర్ కుటుంబం సామానుతో సహా గుడివాడ వెళ్లిపోతోందని ముందురోజే తెలిసింది. కచేరీ కోసమే ఆమె ప్రయాణం ఆపించారట. అప్పటిదాకా నేను చివరి పేజీని ఒక్కసారి కూడా తప్పు లేకుండా దాటలేదు. ఆమె పక్కన ఉండగా ఒక్కసారి, ఒక్కసారే, చివరికంటా వాయించాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

హాలు నిండింది. అవ్వ ముందు వరసలో చెప్పులు విప్పి కూర్చుంది. పేజీలు తిప్పడానికి టీచర్ నా పక్కన కూర్చున్నారు. మూత తీయగానే కలరా ఉండల వాసన, దాని మీదుగా ఆమె కనకాంబరాలు. జోలపాట బాగానే నడిచింది. ఉరుముల దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద జై తెలంగాణ నినాదాలు దగ్గరపడ్డాయి. సాయంత్రం కర్ఫ్యూ పెడుతున్నారన్న మాట వెనక వరసల నుంచి ముందుకు పాకింది. కొందరు లేచారు. పాస్టరుగారు చేత్తో 'కానివ్వండి' అని సైగ చేశారు. గుమ్మంలో టీచర్ భర్త, ఆయన వెనక లారీ. నాయిన లేచి వెళ్లి తలుపు దగ్గర ఆయన పక్కన నిలబడ్డాడు.

టీచర్ చివరి పేజీ తిప్పుతూ నా చెవి దగ్గర, "దబ్బున" అన్నారు.

లారీ ఎదురుచూస్తోంది కాబట్టి మా దబ్బునా? ఆమె ముఖం చూశాను. ఆమె గుమ్మం వైపు చూడనే లేదు, నా చేతులనే చూస్తున్నారు. ఒప్పందం గుర్తొచ్చింది. భుజాల నుంచి బరువంతా వదిలి, తొందరపడకుండా, ఒక్కొక్క మెట్టు మీద పూర్తిగా దిగుతూ వాయించాను. ఒక్క తప్పూ దొర్లలేదు. ఆఖరి మోత హాలు రేకుల కింద చాలాసేపు నిలిచింది. అవ్వ అందరికంటే ముందు లేచి వచ్చి, "చేతులు నొస్తున్నయా బిడ్డా?" అంటూ నా వేళ్లు నిమిరింది.

లారీ ఎక్కేముందు టీచర్ నా చేతిలో కలరా ఉండల పొట్లం పెట్టారు. పియానో లోపలి ఉన్నిబట్టకు పురుగు పట్టకుండా కరిగిపోయినప్పుడల్లా కొత్తవి వేయమన్నారు. "గొడవలు తగ్గగానే దబ్బున వచ్చేస్తానమ్మా."

"మీ దబ్బునా, మా దబ్బునా టీచర్?"

"పియానో దగ్గర లేంగా, మీదే" అని నవ్వారు.

గొడవలు తగ్గాయి. నేను గోలీలు మారుస్తూనే ఉన్నాను. కాలేజీ అయింది, పెళ్లయింది, వచ్చిపోతూ మారుస్తూనే ఉన్నాను. ఆమె రాలేదు. ద్రాక్షతోటలు కాలనీలయ్యాయి, రోడ్డు మీదికి మెట్రో స్తంభాలు వచ్చాయి, హాలు కూల్చి మూడంతస్తులు కట్టినప్పుడు పియానోను పాత సామానువాడు విడదీసి తీసుకుపోయాడు. దాని ఉన్నిబట్టకు ఒక్క చిల్లు కూడా లేదు.

ఇప్పుడు మన్సూరాబాద్‌లో మా ముందు గదిలో కీబోర్డు మీద పిల్లలకు నేర్పుతున్నాను. అందులో పురుగు తినడానికి ఏమీ ఉండదు, అయినా దాని సంచిలో రెండు గోలీలు వేస్తాను. మొన్న ఒక పాపతో అలవాటుగా, "చెయ్యి దబ్బున పడాలి" అన్నాను. ఆ పిల్ల తల ఎత్తి, "అంటే ఫాస్ట్‌గానా ఆంటీ?" అని అడిగింది. కాదని చెప్పబోయి, ఎందుకో గుమ్మం వైపు చూశాను.