కినుయో గారి గురువారాలు

మా సబాయె ఊళ్ళో కళ్ళజోడు ఫ్రేములు చేయని వీధి లేదు. ఆ వీధుల్లో త్సుజిమొతో కినుయో సైకిలు ఆగని గుమ్మమూ లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆమె మా బీమా కంపెనీలో ఏజెంటు. నేను ఆమె వెనక తిరిగి పని నేర్చుకున్నదాన్ని కాబట్టి 'అక్కా' అనే పిలుస్తాను. ఇప్పుడు ఊళ్ళో ఆమె గురించి రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. దేవత అని కొందరు, మనిషిని మింగేసిందని కొందరు. రెండూ సగం సగమే. అసలు సంగతి నాకు తెలుసు, చివరి గురువారం కారు నడిపింది నేనే కాబట్టి.

బీమా అంటే కాగితాల పని అనుకుంటారు జనం. నా మొహం! అది గుమ్మాల పని. పొద్దున్నే బ్రాంచిలో అందరం నిలబడి ఈ నెల ఎన్ని పాలసీలు తెస్తామో గొంతెత్తి చెప్పాలి. తెచ్చినవాళ్ళ పేరు పక్కన గోడ మీద కాగితం పువ్వు గుచ్చుతారు. తేనివాళ్ళ పేరు నెలంతా బోడిగా అందరి కళ్ళలో పడుతూ ఉంటుంది. ఆ తర్వాత వీధిన పడాలి. "మళ్ళీ వచ్చావా తల్లీ, మేమింకా చావలేదు" అన్నవాళ్ళకి కూడా నవ్వుతూ తల వంచాలి.

అక్క సంచిలో నల్లబెల్లం బిళ్ళలు ఉండేవి. మూడేసి బిళ్ళలు చిన్న కాగితంలో చుట్టి, దాని మీద స్వయంగా రెండు ముక్కలు రాసి ఇచ్చేది. "ఈ వారం మంచు ఎక్కువట, నడుం జాగ్రత్త." "మీ అమ్మాయి పరీక్ష ఎలా రాసింది?" మిగతా మేమంతా కంపెనీ అచ్చు వేయించిన కార్డులు పంచేవాళ్ళం. చేత్తో రాసే ఓపిక ఆమె ఒక్కదానికే ఉండేది.

యామగిషి తెరువో ఫ్రేములకి మెరుగు పెట్టేవాడు. ఇంటి వెనక షెడ్డులో అతనూ, భార్య ఫుసాయె, ఇద్దరే పని. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి అక్క అక్కడ ఉండేది. పదకొండేళ్ళు తిరిగినా ఒక్క పాలసీ రాలలేదు.

"నాకెందుకమ్మా బీమా? నేను పోతే ఇది ఇంకో మొగుణ్ణి వెతుక్కుంటుంది" అనేవాడు తెరువో.

"ఉన్న ఒక్కడితోనే వేగలేక చస్తున్నా. ఇంకొకడు కూడానా!" అనేది ఫుసాయె.

అక్క నవ్వి, టీ తాగి, బిళ్ళల పొట్లం పెట్టి వచ్చేసేది.

పన్నెండో ఏడు నవంబరులో తెరువో తనంతట తానే పాలసీ కావాలన్నాడు. నవంబరు మాకు పోటీల నెల. నెలాఖరు నాలుగు రోజుల్లో ఉంది, గోడ మీద అక్క పేరు ఇంకా బోడిగానే ఉంది. ఫుసాయె ఫ్రేములు అప్పగించడానికి వెళ్ళింది. షెడ్డులో వాళ్ళిద్దరే ఉన్నారు.

"ఊరి ఆరోగ్య పరీక్షలో నా గుండె గీతలు సరిగ్గా లేవన్నారు. మళ్ళీ చూపించుకోమని కాగితం ఇచ్చారు. అది ఫారంలో రాయాలా?" అని అడిగాడు తెరువో.

మా ఊళ్ళో నలభై దాటిన ప్రతివాడి సొరుగులోనూ అలాంటి కాగితం ఒకటి ఉంటుంది. ఎవరూ పోరు. ఫారంలో రాస్తే మాత్రం పాలసీ అక్కడే ఆగిపోతుంది. అక్కకి ఆ సంగతి బాగా తెలుసు.

"దానికేం లెండి, రాయక్కర్లేదు. ముందు ముద్ర వేయండి. ఆసుపత్రి సంగతి తర్వాత చూసుకోవచ్చు" అంది.

మా దగ్గర సంతకానికి బదులు పేరు చెక్కిన ముద్రే కదా, అతను అది తీసి వేశాడు. గోడ మీద పువ్వు పూసింది. ఈ తప్పు మా వాళ్ళందరూ చేసేదే. నేనూ చేశాను, దాచను. పాలసీ చేతికొచ్చింది. తెరువో మాత్రం పనుల్లో పడి ఆసుపత్రి గడప తొక్కనే లేదు. ఆ తర్వాతి ఏడాది చలికాలంలో, మెరుగు పెట్టే చక్రం ముందే గుండె ఆగి పడిపోయాడు. అతనికి యాభై ఏడేళ్ళు.

రెండేళ్ళ లోపు పోతే కంపెనీ ఆరా తీస్తుంది. ఆరోగ్య పరీక్ష కాగితం బయటపడింది. జబ్బు దాచినందుకు పాలసీ రద్దు చేశామని ఫుసాయెకి ఉత్తరం వెళ్ళింది. దాచలేదు కదా, అక్కకి చెప్పాడు కదా అంటారా? ఏజెంటుకి చెప్పింది కంపెనీకి చెప్పినట్టు కాదు. అదీ మా రూలు. రాయొద్దని ఏజెంటే ఆపినట్టు తేలితే మాత్రం కంపెనీ ఇచ్చి తీరాలి.

అక్క ఆ ఉత్తరం నకలు పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన తలుపు వేసి, గొంతు తగ్గించాడు. "హెడ్డాఫీసు మనిషి వస్తున్నాడు. తెరువో మీకు ముందే చెప్పాడా అని అడుగుతాడు. లేదంటే అంతటితో సరి. అవునంటే, రాయొద్దన్నది మీరేనని ఒప్పుకున్నట్టు. కంపెనీ ఆవిడకి ఇవ్వాల్సిందే, మీరు ఇంటికి పోవాల్సిందే. ఏప్రిల్‌కి ముప్పై ఏళ్ళు నిండుతాయి మీకు. ఆలోచించుకోండి."

అక్కకి ఆ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. ముందూ వెనకా ఎవరూ లేరు. నేనే ఆమెను పక్కకి లాగాను.

"నోరు మూసుకో అక్కా. షెడ్డులో ఉన్నది మీరిద్దరే. ఒకడు పోయాడు. ఇంకెవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదే" అంది.

నోరు మూసుకోమన్నది నేనే. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అక్క అంతా చెప్పింది. చెప్పింది కాగితం మీద రాసి, కింద తన ముద్ర వేసింది. ఆ సాయంత్రమే గోడ మీద నుంచి ఆమె పేరు తీసేశారు, పువ్వులతో సహా. రెండు నెలలకి ఫుసాయెకి రావలసింది వచ్చింది.

ఆ వారమే అక్క ఫోన్ చేసి, "గురువారం నన్ను అక్కడికి తీసుకెళ్తావా? మంచులో సైకిలు పోదు" అంది. మేం వెళ్ళేసరికి పన్నెండూ ఇరవై. ఫుసాయె లోపలికి రమ్మంది. తెరువో ఫొటో ముందు అగరుబత్తి వెలుగుతోంది. అక్క ఆ పక్కనే బిళ్ళల పొట్లం పెట్టింది. ఈసారి కాగితం మీద ఏమీ రాయలేదు.

ఫుసాయె టీ పోసి, ఒక పాత రేకు డబ్బా తెచ్చింది. నిండా చీటీలే. "బిళ్ళలు తినేవాడు, కాగితాలు దాచేవాడు" అంది. అన్నిటికంటే పైనున్న చీటీ తీసి మా ముందు పెట్టింది. అక్క చేతిరాతే. ముద్ర వేసిన మరుసటి గురువారానిది.

"ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళకండి. పాలసీ వచ్చాక వెళ్దురుగాని."

ఇలాంటి చీటీ ఒకటి రాసినట్టు అక్క నాకెప్పుడూ చెప్పలేదు.

"ఆయన పోయిన వారానికే దొరికింది" అంది ఫుసాయె.

"మరి కంపెనీకి చూపించలేదేం వదినా? అప్పుడే తేలిపోయేది కదా" అన్నాను ఉండబట్టలేక.

"ఈవిడ తనంతట తాను చెబుతుందో లేదో చూద్దామని." ఫుసాయె అక్క వైపు తిరిగి చాప మీద చేతులాన్చి తల వంచింది. "చెప్పారు. అందుకు మీ రుణం ఉంచుకోను. కానీ కినుయో గారూ, ఈ చీటీలో పాలసీ మాట నాకు కనిపించదు. రోజూ పైముక్కే చదువుతాను. ఆయన మీ మాట ఎన్నడూ కాదనలేదు. వెళ్ళొద్దన్నారు, వెళ్ళలేదు."

అక్క నుదురు చాపకి ఆన్చి అలాగే ఉండిపోయింది. క్షమించమని కూడా అడగలేదు. భుజాలు మాత్రం కదిలాయి. నేను ఏడ్చాను, సిగ్గు లేకుండా.

ఫుసాయె ఆ చీటీ మడిచి అక్క చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇది మీరే ఉంచుకోండి. నేనిక చదవలేను. టీ చల్లారిపోతోంది, తాగండి."

అక్క ఇప్పుడు బడి వంటశాలలో గిన్నెలు కడుగుతోంది. ఆ చీటీ తన ముద్ర పెట్టుకునే చిన్న డబ్బాలో ఉంది. రిజిస్టరు ఉత్తరం అందుకోవాలన్నా, అద్దె కాగితం రాయాలన్నా ముద్ర తీయక తప్పదు. తీసిన ప్రతిసారీ ముందు ఆ చీటీయే చేతికి తగులుతుంది.