ఐదో ఓటు

అమెరికాలో, టెక్సస్‌లోని మా కాపెల్‌లో బేస్‌బాల్ గ్రౌండ్ పక్కన ఒక పిజ్జా షాపు ఉంది. దాని వెనక గోడకి ఒక చెక్క పలక కొట్టి, దాని మీద నీలం రంగుతో 'హాల్ ఆఫ్ ఫేమ్' అని రాశారు. కింద ఫ్రేములు కట్టిన ఫోటోలు పది పన్నెండు ఉంటాయి. కూల్ డ్రింకుల ఫ్రిజ్ తలుపు తెరిస్తే వాటిలో రెండు కనపడవు. ముప్పై అయిదేళ్లు దాటినవాళ్లు ఆదివారాలు ఆడుకునే మా లీగ్‌కి ఇంతకు మించిన గౌరవం ఈ దేశంలో ఇంకెక్కడా లేదు.

ఆ గోడ ఎక్కడానికి ఎవరు తగినవాళ్లో తేల్చే కమిటీలో ఐదుగురం ఉన్నాం. నాకు బేస్‌బాల్ బాగా తెలుసని కమిటీలో వేయలేదు. విజయవాడలో ఒక దినపత్రిక స్పోర్ట్స్ డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను. మా ఆవిడకి ఇక్కడ ఉద్యోగం వస్తే ఆవిడ వెంట వచ్చాను. వచ్చిన కొత్తలో పనేమీ లేక, ఆదివారాలు గ్రౌండ్‌కి వెళ్లి పక్కన కూర్చున్నవాళ్లని అడిగి ఆట నేర్చుకుని, స్కోరు రాయడం మొదలుపెట్టాను. ఈ దేశంలో అసలైన పెద్ద హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఓట్లు వేసేది పత్రికలవాళ్లు. మా లీగ్ నడిపే పెద్దావిడ రిటైరైన లెక్కల టీచరు. నేను పత్రికలో చేశానని తెలియగానే, అలాంటివాడు ఒకడుంటే మన కమిటీకి మర్యాదగా ఉంటుందని నన్ను చేర్చేసుకుంది. అది ఏ భాష పత్రికో కూడా అడగలేదు.

ఏడాదికి ఒక్కసారి కూర్చుంటాం. ఐదుగురిలో నలుగురు ఒప్పుకుంటే ఫోటో గోడ మీదికి వెళ్తుంది. ఓటు వేయకుండా ఊరుకుంటే వద్దన్నట్టే లెక్క. ఇన్నేళ్లలో ఈ నియమాల వల్ల నాకు ఎప్పుడూ ఇబ్బంది కలగలేదు. పోయిన వేసవిలో కలిగింది.

మా లీగ్‌లో ఒక పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, ఉన్నాడు. వరంగల్‌వాడు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. పొద్దున్నే నాతో వాకింగ్‌కి వస్తాడు. నన్ను అన్నా అంటాడు, అతని భార్య బావగారు అంటుంది. ఆవిడ చేతి సర్వపిండి తినడానికి నేను పనిగట్టుకుని వాళ్లింటి మీదుగా నడిచిన రోజులున్నాయి.

మావాళ్లందరిలాగే అతనూ మొదట టెన్నిస్ బంతితో ఆదివారం క్రికెట్ ఆడేవాడు. ఆ ఆటలో అంపైర్లను బయటినుంచి పిలిచే అలవాటు లేదు. బ్యాటింగ్ చేస్తున్న జట్టులోంచే, అప్పటికి అవుటైనవాళ్లో ఇంకా దిగనివాళ్లో ఇద్దరు వచ్చి నిలబడతారు. ఒక ఆదివారం ఇతను వరసగా వికెట్లు తీస్తుంటే, అలా నిలబడ్డ ఒకాయన చెయ్యి పక్కకి చాపి నో-బాల్ అన్నాడు. మోచెయ్యి వంచి విసురుతున్నాడన్నాడు. క్రికెట్‌లో అంతకంటే పెద్ద నింద లేదు. మరుసటి వారం ఇంకో జట్టువాళ్లూ అదే పాట అందుకున్నారు. కొద్దిరోజులకి వాట్సాప్ గ్రూపులో అతనికి 'విసురుడు' అనే పేరు ఖాయమైపోయింది. నిజంగా వంచేవాడా అంటే నేను చెప్పలేను. ఆ రోజుల్లో నేను చూసిందంతా బౌండరీ బయట, చేతిలో టీ కప్పుతో. అతను మాత్రం ఒకటే అనేవాడు: అవుటయ్యేవాళ్ల దోస్తులే తీర్పు చెప్తే అది తీర్పెట్లయితది అని.

రోడ్డుకి అవతలి గ్రౌండ్‌లో విసరడమే పనిగా ఉన్న ఆట ఒకటి జరుగుతోందని అతను ఎప్పుడు గమనించాడో తెలియదు. ఒక ఆదివారం క్రికెట్‌కి వెళ్లాల్సినవాడు రోడ్డు దాటి ఇటు వచ్చాడు. తర్వాత అటు వెళ్లలేదు.

ఆ వేసవికి ముందు వసంతంలో, భుజం ఇక సాగడం లేదని, ఇదే చివరి సీజన్ అని వాకింగ్‌లో నాకు చెప్పాడు. రిటైరయ్యే ఆటగాళ్లు మామూలుగా ఒక మాట అంటారు: ఆడటమే తమకి ముఖ్యం, గుర్తింపు కోసం చూసుకోలేదని. డెస్కులో ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు అచ్చుకి పంపానో. ఇతను అలా అనలేదు.

"అన్నా, నాకా గోడ మీద ఫోటో గావాలె. మర్యాదకు ఒద్దంటే మీ కమిటీ నిజమనుకుంటదేమోనని ముందుగాల్నే చెప్తున్న."

అప్పట్నుంచి రోజూ అదే ముచ్చట. పక్కింటి కుక్కని పలకరించినంత మామూలుగా, మీటింగ్ ఎప్పుడు అని అడిగేవాడు. అతని కోరిక నాకు అర్థమైంది. మోచెయ్యి సంగతిలో అతనికి ఎన్నడూ దొరకనిది, తనతో లాభనష్టాలు లేనివాళ్ల తీర్పు. ఆ గోడ మీద దొరుకుతుందని ఆశ.

నా చిక్కల్లా అక్కడే. మా డెస్కులో ఒక కట్టుబాటు ఉండేది. పెద్ద ఆటగాడు ఆట మానేస్తున్నాడంటే అతని మీద రాసే పని, అతన్ని స్టాండులోంచి మాత్రమే చూసినవాడికి ఇచ్చేవారు. అతనింట్లో భోంచేసినవాడికి ఇచ్చేవారు కాదు. దాంతోపాటు ఇంకో అలవాటు ఉండేది: అతనికి వ్యతిరేకంగా చెప్పగలిగిన పేరా ముందు రాయాలి. అది రాశాక కూడా మిగిలి ఉన్న మంచే అసలైన మంచి అని మా చీఫ్ సబ్ ఎడిటర్ అనేవాడు.

నేను ఆ లెక్కన మా పిచ్చర్‌ని తూచి చూసుకున్నాను. వేగం లేదు. నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్ బ్యాటు పక్కన పడేసి ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్లిపోతాడు. మావాడు ఊళ్లో సగం మందిని అలా నడిపించాడు. ఫైనల్లో ఒక్కసారీ గెలవలేదు. ఇక మంచి వైపు చూస్తే, క్రికెట్‌లో ఆఫ్ స్పిన్ వేసిన వేళ్లతో అతను వదిలే నెమ్మది బంతి ఒకటుంది. బ్యాటర్ దాకా వచ్చి, అక్కడ ఏదో గుర్తొచ్చినట్టు కిందికి దిగిపోతుంది. అది చూడటానికి నేను ఎండలో కూర్చున్నాను, ఇప్పుడు కూర్చోమన్నా కూర్చుంటాను. కానీ ఇలా అంటున్నది స్కోరర్నా, సర్వపిండి తిన్నవాడినా అన్నది నాకే తేలలేదు.

ఓటు వేయకూడదని నిర్ణయించుకుని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండానే, "మీ డెస్కు విజయవాడలో ఉందండీ, మనం ఉండేది వాళ్లకి రెండు వీధుల అవతల" అంది. తర్వాత కాసేపటికి, ఆ అబ్బాయికి మీరే చెప్పండి, నాచేత చెప్పించకండి అని కూడా అంది. నేను అతనికి చెప్పలేదు. మీటింగ్ అయ్యాక చూసుకుందామనుకున్నాను.

మధ్యాహ్నం పూట, షాపులో రద్దీ లేనప్పుడు కూర్చున్నాం. టీచరు గారు, ఒకప్పుడు మావాడి జట్టులో ఫీల్డింగ్ చేసిన ప్లంబరు, ఎన్నో ఏళ్లు అంపైరింగ్ చేసిన రిటైర్డ్ పోస్టుమాన్, అవతలి జట్టులో బ్యాటింగ్‌కి పేరున్న టైర్ల షాపాయన, నేను. మావాడి వంతు రాగానే, నేను అతని స్నేహితుణ్ణి కాబట్టి ఓటు వేయనని చెప్పాను. టీచరు గారు కళ్లజోడు మీదుగా చూసి, అది వద్దన్నట్టే లెక్క అవుతుందని గుర్తుచేశారు. తెలుసన్నాను. ఓటు లేకపోయినా మాట ఉంది కదా, అన్ని ఆటలూ చూసినవాడివి నువ్వే, మొదలుపెట్టమన్నారు.

చేతికి పట్టిన అలవాటు కాబట్టి వ్యతిరేక పేరాతో మొదలుపెట్టాను. వేగం లేదన్నాను, నడిపించాడన్నాను, ఫైనల్లో గెలవలేదన్నాను. మూడోది పూర్తికాకముందే ప్లంబరు పిజ్జా ముక్క కింద పెట్టేశాడు. వేగంగా వేసే పిచ్చర్ల వెనక ఆడటం ఎంత విసుగో నీకు తెలుసా అన్నాడు. బంతి ఎవరి దగ్గరికీ రాదట. నిలబడి మధ్యాహ్నం ఏం తినాలా అని ఆలోచించుకోవడమేనట. ఇతను వేస్తుంటే ప్రతి బంతీ మెత్తగా తగిలి ఎవరో ఒకరి వైపు వస్తుంది, మైదానంలో ఒక్కడికీ నిద్ర రాదు అని, తన మోకాళ్లు చెడింది కూడా ఆ బంతుల వెంట దూకే అని, అదేదో గొప్ప కానుకలా చెప్పాడు.

తర్వాత పోస్టుమాన్ అందుకున్నాడు. ఇతను తన నిర్ణయాన్ని ఒక్కనాడూ ప్రశ్నించలేదన్నాడు. మొదటి ఏడాది మాత్రం ప్రతి ఆట అయ్యాక దగ్గరికి వచ్చి, నా మోచెయ్యి ఓకేనా అని అడిగేవాడట. "పాపం నొప్పేమో అనుకున్నాను. ఐస్ పెట్టుకోమని చెప్పేవాణ్ణి. ఒకసారి మా ఇంట్లో ఉన్న బ్యాండేజీ కూడా తెచ్చి ఇచ్చాను. చాలా సంతోషంగా తీసుకున్నాడు."

నాకు నవ్వు ఆగలేదు. వాళ్లు కారణం అడిగితే, మోచెయ్యి వంచి విసరడం నేరమైన ఆట ఒకటుందని, ఇతను ఆ నేరం మీద ఇటు వచ్చాడని చెప్పాల్సి వచ్చింది. ప్లంబరుకి ఎంత చెప్పినా ఎక్కలేదు. బంతిని విసరకపోతే మరి ఏం చేస్తారని మూడుసార్లు అడిగాడు. నేను లేచి కుర్చీల మధ్య ఖాళీలో చెయ్యి నిటారుగా తిప్పి చూపించాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఏమైనా కావాలా అని వచ్చింది. పోస్టుమాన్ మాత్రం నవ్వలేదు. అంటే అతను నా దగ్గరికి వచ్చింది తీర్పు కోసమన్నమాట, నేను బ్యాండేజీ ఇచ్చానన్నమాట అని చెయ్యి ఎత్తాడు. ప్లంబరూ ఎత్తాడు. టీచరు గారూ ఎత్తారు.

టైర్ల షాపాయన ఎత్తలేదు. ఫైనల్లో గెలవనివాడిని ఎక్కిస్తే గోడ నిండిపోతుందని అతని అభిప్రాయం. నా చెయ్యి ఒళ్లోనే ఉంది. దాన్ని లేపితే చాలు, నాలుగు అవుతాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ వార్తా నా చేతిని ఇంత లాగలేదు.

టైర్ల షాపాయన నా వైపు తిరిగి, నీ స్నేహితుడు ఇది కావాలని అడిగాడా అన్నాడు. రోజూ అడుగుతాడని నిజమే చెప్పాను. అతను గోడ వైపు చూశాడు. తన ఫోటో కూడా అక్కడే ఉంది.

"వీళ్లందరూ అడిగినవాళ్లే. కాకపోతే భార్యలచేత అడిగించారు. నేనూ అంతే" అని, తన బ్యాటుకి ఆ నెమ్మది బంతి తగిలిన ప్రతిసారీ ఏమయ్యేదో చెప్పి తిట్టుకుంటూ చెయ్యి ఎత్తాడు.

బయటికి రాగానే ఫోన్ మోగింది, మావాడే. ఎక్కినవ్ అన్నాను. ఎన్ని ఓట్లు అని అడిగాడు. నాలుగన్నాను.

"ఐదో ఆయన ఎవలన్నా?"

కమిటీ సంగతులు బయటికి చెప్పకూడదన్నాను. అతను తనలో తనే లెక్కేసుకోవడం వినపడుతోంది. టీచరమ్మ ఏస్తది, ప్లంబర్ ఏస్తడు, అంపైర్ ఏస్తడు, టైర్ల ఆయన ఎయ్యడనుకుంట. అంతలో ఆగిపోయాడు. టైర్ల ఆయన వేశాడని నేను చెప్పలేదు, వేయలేదనీ చెప్పలేదు. నేను మాట్లాడకపోవడమే అతనికి జవాబైంది. "సరే అన్నా" అని పెట్టేశాడు.

మర్నాడు వాకింగ్‌కి రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు. నేను ఒక్కణ్ణే వాళ్ల వీధిలో నడుస్తుంటే వంటింటి కిటికీలోంచి సర్వపిండి వాసన వచ్చింది. ఎవరూ పిలవలేదు. మా ఆవిడ నా వంక చూసి, నవ్వు దాచుకోవడానికి ఫ్రిజ్‌లో తల పెట్టేది.

ఫోటో పెట్టే ఆదివారం షాపు నిండిపోయింది. అతని జట్టువాళ్లు వచ్చారు. రోడ్డు అవతలి క్రికెట్‌వాళ్లు కూడా ఆట ముగించుకుని అవే టీషర్టులతో వచ్చారు. పెద్దావిడ రెండు మాటలు చెప్పి అతన్ని మాట్లాడమన్నారు. ఇంగ్లిష్‌లో అందరికీ థ్యాంక్స్ చెప్పాడు. తర్వాత మావాళ్ల వైపు తిరిగాడు.

"నాకు నలుగురు ఓటేసిండ్రు. ఒకాయన ఎయ్యలే. ఆయన మా ఇంట్ల అన్నం తినేటోడు, పొద్దున నాతోని నడిచేటోడు. దోస్తు గాబట్టి ఎయ్యనన్నడంట, ప్లంబరే చెప్పిండు. అంటే ఇది దోస్తులు ఎక్కిచ్చిన ఫోటో గాదు. సమజైందా?"

క్రికెట్‌వాళ్లలో ఒకాయన, ఒకప్పుడు చెయ్యి చాపినాయనే కావచ్చు, నాకు గుర్తులేదు, ముందు చప్పట్లు కొట్టాడు. మావాడు జనంలోంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, రేపు ఆరింటికి గేటు దగ్గరుండు అన్నాడు. అతని భార్య, మీరు వారం నుంచి రాకపోతే పిండి మిగిలిపోతోంది బావగారూ అంది. రాకపోయింది నేను కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు ఎవరైనా కొత్తవాళ్లను పిజ్జాకి తీసుకొస్తే అతను వాళ్లకి ముందు ఫోటో చూపించడు. నేనెక్కడ కూర్చున్నానో వెతికి, నన్ను చూపిస్తాడు.