పీత వేషం

మొన్న సీతమ్మధారలో మనవరాలి స్కూలు వార్షికోత్సవానికి వెళ్తే, ముఖాలకు పూసే రంగు వాసన గుప్పున తగిలింది. లతీఫ్ మాస్టారు గుర్తొచ్చారు. విశాఖ వన్ టౌన్‌లో బడిపంతులు ఆయన. హార్బర్‌లో ఐసు కొట్టుకునే నా చేత నాటకం ఆడించిన మనిషి. ఆయనే లేకపోతే నేనివాళ నాటకాలు రాసేవాణ్ణే కాదు. ఆయన దగ్గర అంటుకున్న గందరగోళం మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

కాంట్రాక్టరును తరిమేసి కూలీలు సంఘం పెట్టుకున్నప్పుడు, ముందు నిలబడి దెబ్బలు తిన్నవాడు అప్పన్న. మాస్టారికి ప్రాణస్నేహితుడు. సంఘానికి పెద్దగా కూర్చుని ఏడాదిలో ఎన్నికలు పెడతానన్నవాడు, ఏళ్లు గడిచినా ఆ ఊసే ఎత్తలేదు. అడిగినవాడికి మర్నాటి నుంచి పని దొరికేది కాదు. మా అన్నయ్యకు అలాగే పని పోయింది. ఎదురుగా నిలదీద్దామని నేనంటే మాస్టారు ఒప్పుకోలేదు.

"ఎదురుగా అడిగితే మొండికేస్తాడురా. కథలో చూపిస్తే సిగ్గుపడతాడు. వాడు చెడ్డవాడు కాదు."

అలా పుట్టింది నాటకం. చిన్న చేపలన్నీ కలిసి సొరచేపను తరిమేస్తాయి. వాటిని నడిపించిన పీత, గండం గడిచేదాకానే అంటూ రాతి మీద కూర్చుంటుంది. ఇక దిగదు. పీత వేషం నాది. ఆట మధ్యలో పెద్దమనిషి స్టేజీ ఎక్కి, నచ్చిన నటుడికి శాలువా కప్పి నాలుగు ముక్కలు మాట్లాడడం మా దగ్గర ఆనవాయితీ. ముందు వరసలో కడుపు పట్టుకుని నవ్విన అప్పన్న, సరిగ్గా పీత ఎన్నికలు వద్దన్న చోట పైకొచ్చి నాకు శాలువా కప్పాడు. పీతలో ఆ పాత కాంట్రాక్టరును భలే చూపించారని మెచ్చుకున్నాడు. జనం ఒకటే చప్పట్లు. "వాడికి అర్థం కాలేదా, నాకు రాయడం రాలేదా?" అని మాస్టారు నన్నడిగారు. నాకేం తెలుసు?

మరుసటి ఏడు ఆ వేషం తనే కడతానన్నాడు అప్పన్న. ఓరి నాయనో, ఏం కట్టాడు! "ఎలచ్చన్లెందుకర్రా, నాను లేనా?" అనగానే హార్బర్ మొత్తం గొల్లున నవ్వింది. పని పోయిన మా అన్నయ్యా నవ్వాడు. అది నాకు మింగుడుపడలేదు.

ఆట అయ్యాక అప్పన్న రంగు కడుక్కుంటుంటే నేను నీళ్లు పోస్తున్నాను. మాస్టారు వచ్చారు. ఇక లోపల దాచుకోలేక, ఆ పీతవి నువ్వే బావా అనేశారు.

అప్పన్న నింపాదిగా ముఖం తుడుచుకున్నాడు. "నాకు తెల్దా బావా? పోయినేడే తెలిసింది. అందుకే ఏసం నానే కట్టేను. కడుపారా నవ్వినోడు ఇంటికెళ్లి తొంగుంటాడు గానీ, మరి గొడవకి రాడు."

మాస్టారు మళ్లీ నాటకం రాయలేదు. నేను రాస్తూనే ఉన్నాను, ఇంకోటి చేతకాదు కనక. రాజుల మీద రాస్తాను, జనం పగలబడి నవ్వుతారు. సంతోషించాలో భయపడాలో తెలియక, నవ్వనివాడు ఒక్కడైనా ఉన్నాడేమోనని ఆ జనంలో వెతుక్కుంటాను.