కత్తిపీట ముందు కూర్చునే కాలి కోసం ఢిల్లీ ప్రయాణం

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి సునీత ఫోనులో కొడుతోంది. నా పేరు మరియమ్మ. ఊరు కాకినాడ పక్కన. చాలా ఏళ్ళుగా ఫరీదాబాద్‌లో సునీత దగ్గరే ఉంటున్నాను, తను నర్సు. చేపలు కోసి బతికినదాన్ని, ఇప్పటికీ కోస్తాను. మా ప్రార్థన సంఘంలో ఆదివారం భోజనాలకు వచ్చే చేపలన్నీ నా కత్తిపీట మీదే తెగాలి. అలాంటిది పోయిన ఏడాది నా కుడి తొడ ముందువైపు, లోపలెక్కడో, గట్టిగా ఒక గడ్డ తగిలింది. నొప్పి లేదు. నిమ్మకాయంత ఉన్నది చూస్తుండగానే బత్తాయంత అయింది. వీధి చివరి డాక్టరు నొక్కి చూసి, కొవ్వు గడ్డే, ఇక్కడే కోసి పారేస్తానన్నాడు. నేను బల్ల ఎక్కబోయాను కూడా. సునీత నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. లోతుగా ఉండి పెరుగుతున్న గడ్డను స్కాను చూడకుండా కోయకూడదట.

ఢిల్లీలో పెద్ద ఆసుపత్రిలో ఎమ్మారై తీశారు, లావు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. సాఫ్ట్ టిష్యూ సార్కోమా అని తేలింది. అంటే కండలోనూ కొవ్వులోనూ పుట్టే క్యాన్సరు. ఊపిరితిత్తులకు మాత్రం పాకలేదన్నారు. సంఘంలో ఒకావిడ, "కాలు తీసేస్తారంట కదా వదినా" అంటూ నా ముందే కళ్ళు ఒత్తుకుంది. "కాలు నాది. ఏడుపొస్తే నేనే ఏడుస్తాలే, నువ్వు టీ తాగు" అని కసిరాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు.

కాలు ఉంటుందా పోతుందా తేల్చేది ఒక గురువారం. ఆ ఆసుపత్రిలో ఇలాంటి గడ్డలకు ఒక పద్ధతి ఉంది. కోసేవారు, రేడియేషను ఇచ్చేవారు, మందులు ఇచ్చేవారు, స్కాను చదివేవారు, ముక్కను పరీక్షించినవారు, అందరూ వారానికొకసారి ఒకే బల్ల చుట్టూ కూర్చుని, రోగిని పిలిచి, ఏది ముందు ఏది వెనక అని తేలుస్తారు. పొద్దున్న ఆరున్నరకు ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని బయలుదేరాం. ఆటో అతను అద్దంలోంచి నన్ను చూసి, "అమ్మాజీ, ధీరే ధీరే చలాఊఁ?" అని, నెమ్మదిగా తోలనా అన్నట్టు అడిగాడు. "నా తొడలో ఉన్నది గడ్డ, భయ్యా, గుడ్లు కాదు పగలడానికి. చలావ్!" అన్నాను. సగం తెలుగైనా అతనికి బాగానే అర్థమైంది, స్టేషను దాకా నవ్వుతూనే తోలాడు. ఫరీదాబాద్ నుంచి వయొలెట్ లైను ఎక్కి సెంట్రల్ సెక్రటేరియట్‌లో పసుపు లైనుకు మారాలి. మొదటి పెట్టె ఆడవాళ్ళది, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. లిఫ్టులున్నాయి కాబట్టి కాలు నొప్పి ఉన్నవాళ్ళూ రావచ్చు. ఇంటి నుంచి ఆసుపత్రి గేటుకు గంటన్నర పైనే. ఖర్చు టాక్సీకి అయ్యే దానిలో నాలుగో వంతు కూడా కాదు.

మా వంతు పదకొండింటికి వచ్చింది. పెద్ద సర్జను స్కాను బొమ్మ గోడ మీద వేసి చూపించాడు. ఎముక, పెద్ద నరం, రక్తనాళం గడ్డకు దూరంగానే ఉన్నాయి, కాబట్టి కాలు తీయక్కర్లేదన్నాడు. యేసయ్యా అనుకున్నాను. కానీ తొడ ముందు కండ చాలావరకు గడ్డతోనే పోతుందట. అప్పుడు మోకాలు గట్టిగా నిలబడదు. పట్టీ బిగించుకుని కర్రతో నడవాలి. అంటూ సునీత వైపు తిరిగి, అమ్మగారు ఇంట్లో ఏం పని చేస్తారని అడిగాడు.

"కుఛ్ నహీఁ, సర్. హమ్ ఇన్‌సే కామ్ నహీఁ కర్వాతే" అంది సునీత, తల ఎత్తుకుని.

ఈ మాట రాయనంటోంది సునీత. రాయవే! తల్లి చేత పని చేయించడం లేదని చెప్పుకోవడం మా వాళ్ళకు పరువు. ఆ పరువు నా కాలి మీదికి వచ్చింది. ఏ పనీ చేయని ముసలమ్మకు పట్టీ చాలు, మోకాలు నిలబెట్టడానికి గంటల తరబడి ఆపరేషను ఎందుకని సర్జను కాగితం మీద పెన్ను పెట్టాడు.

"రుకో, డాక్టర్ సాబ్!" అన్నాను. తువ్వాలు నేల మీద పరిచి కూర్చుని, కుడి మోకాలు పైకి మడిచి, ఆ పాదంతో లేని కత్తిపీటను తొక్కిపట్టి, రెండు చేతులతో లేని చేపను కోసి చూపించాను. చెయ్యి ఆనించకుండా లేచి నిలబడ్డాను. "యే మేరా కామ్ హై. నా కూతురు నన్ను కూర్చోబెట్టి మేపుతోందని మీరు నమ్మారా?"

గదంతా గొల్లుమంది. సునీత మొహం చీర కొంగులో పెట్టేసుకుంది. పోయిన కండ చోట వేరే కండ అతికే ప్లాస్టిక్ సర్జనమ్మ ఒక్కతే నవ్వలేదు. కుర్చీ దిగి నా పక్కనే నేల మీద కూర్చుంది.

"ఆంటీ, ఫిర్ సే దిఖాయియే, మళ్ళీ చూపించండి. లేచేటప్పుడు బరువు ఏ కాలి మీద వేస్తున్నారు?"

"ఈ కాలి మీదేనమ్మా. చూడు."

అక్కడ మొదలైంది వాళ్ళ వాదన. తొడ వెనక కండరాలను ముందుకు తెచ్చి మోకాలికి కలుపుతానంది ఆవిడ. ఈ వయసుకు అంతసేపు మత్తు ఎందుకన్నాడు సర్జను. గుండె పరీక్ష బాగుంటే తట్టుకుంటారంది ఆవిడ. రేడియేషను డాక్టరమ్మ, ముందు తన వైద్యం అయితే గడ్డ అంచు గట్టిపడి కోతకు వీలవుతుందని చెప్పింది. చివరికి పెద్ద సర్జను పెన్ను పక్కన పెట్టి, "ఠీక్ హై, అమ్మాజీ. కానీ వ్యాయామం మానేస్తే నేను ఊరుకోను" అన్నాడు. "మానేస్తే నీకు చేపల పులుసు లేదు, నాకు కాలు లేదు" అన్నాను.

బయటికొచ్చి ఇడ్లీలు తింటూ సునీతను తిట్టాను. "మమ్మీ, నిన్ను కష్టపెడుతున్నానని అనుకుంటారేమోనని..." అంది. "అనుకోనీ. వాళ్ళు నాకు పెళ్ళి సంబంధం చూస్తున్నారా?" అన్నాను. నవ్వు ఆపుకోలేక చట్నీ ఒలకబోసుకుంది. రేడియేషనుకు తొడ మీద గుర్తులు వేస్తారు, రాపిడి తగలకూడదని చెప్పారు, అందుకని దారి మళ్ళి సరోజినీ నగర్ బజారుకు వెళ్ళి నాలుగు వదులు లంగాలు కొన్నాం. బేరం నేనే ఆడాను. ఆ కొట్టువాడికి నా రోగం సంగతి చెప్పలేదు. చెబితే జాలిపడి తగ్గిస్తాడు, అందులో మజా ఏముంది?

ఆ తర్వాత ఐదు వారాలు రేడియేషను, కొన్నాళ్ళ విరామం, ఆపరేషను, ఆపైన నెలల తరబడి వ్యాయామం. ఏడ్చిన రోజులూ ఉన్నాయి. ఇప్పటికీ కొన్ని నెలలకోసారి ఛాతీ స్కానుకు అదే మెట్రోలో వెళ్తాం. నేల మీద పూర్తిగా కూర్చోలేను. వ్యాయామం చేయించే అమ్మాయి సలహాతో కత్తిపీటను పొట్టి బల్లకు బిగించాం, చిన్న పీట మీద కూర్చుంటాను. పోయిన ఆదివారం అరవై మందికి రోహూ చేపలు కోశాను. ఆ కళ్ళు ఒత్తుకున్న వదిన పక్కన కూర్చుని పొలుసు గీకింది. ఒక్క డాక్టరే చూసి ఉంటే నాకు కాలు మాత్రమే మిగిలేది. అందరూ కలిసి కూర్చోబట్టి, ఆ కాలితో చేసే పని కూడా మిగిలింది.

ఇలాంటి గడ్డతో ఢిల్లీ వచ్చేవాళ్ళకు ఒకే మాట. ఆ డాక్టర్ల బల్ల ముందుకు వెళ్ళినప్పుడు, ఆ చేత్తోనో కాలితోనో మీరు రోజూ ఏం చేస్తారో మీ నోటితో మీరే చెప్పండి. చెప్పడం రాకపోతే, నేల మీద తువ్వాలు పరిచి చేసి చూపించండి.