తాగని మందుకు ఒప్పుకోలు

1985. పత్తికి తెల్లదోమ పట్టిన కాలం. గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట, రోడ్డు పక్కన ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నేను క్యాజువాలిటీ నర్సుని. క్యాజువాలిటీ అంటే పెద్ద హాలేమీ కాదు. రెండు ఇనుప మంచాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు, వాడివాడి గట్టిపడిపోయిన రబ్బరు గొట్టాలు. దసరా దాటితే చాలు, చేల నుంచి పురుగుమందు కేసులు మొదలయ్యేవి. క్రిస్మస్ దాకా ఆ వాసన మా ఒంటిని వదిలేది కాదు. సెలవుకి నల్లపాడులో మా ఇంటికి వెళితే మా అమ్మ గుమ్మంలోనే ఆపి, "ముందు తలంటుకో, తర్వాత మాట్లాడదాం" అనేది.

మాకు రెండు రకాల కేసులు వచ్చేవి. మందు తాగినవాళ్ళు, మందు కొడుతూ పడిపోయినవాళ్ళు. ఇద్దరికీ కంటిపాప సూదిమొనంత అయిపోతుంది, నోటివెంట నురగ వస్తుంది, ఒళ్ళంతా చెమట. దీన్ని ఆర్గానో ఫాస్ఫరస్ పాయిజనింగ్ అంటారు. అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్‌ను నోరు ఎండి, ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గేదాకా ఇస్తూనే ఉండాలి. తేడా తెలిసేది స్టమక్ వాష్‌లో, అంటే గొట్టం వేసి పొట్ట కడిగినప్పుడు. తాగినవాడి పొట్టలోంచి నీళ్ళు పాలలా తెల్లగా, ముక్కు పగిలే కంపుతో వస్తాయి. కొడుతూ పడినవాడి పొట్టలోంచి పొద్దున తిన్న చద్దన్నం తప్ప ఏమీ రాదు. కంపంతా వాడి చొక్కాలో, వీపు మీద ఉంటుంది. ఒక్క సీజన్ ఆ వార్డులో ఊడ్చిన ఆయమ్మకి కూడా తెలిసే సంగతి ఇది.

ఏసోబుని ఎడ్లబండిలో తెచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, కూలి. చొక్కా వీపున అట్టకట్టి ఉంది. కత్తెరతో కోసి తీస్తే కింద చర్మం ఎర్రగా కమిలిపోయి కనిపించింది. సబ్బు పెట్టి రుద్ది కడిగాం. పొట్ట కడిగితే శుభ్రమైన నీళ్ళే వచ్చాయి. మా డాక్టరమ్మ ఒక్క చూపు చూసి, "స్ప్రే కేసు. ఒళ్ళు మళ్ళీ కడగండి" అని అట్రోపిన్ మొదలుపెట్టింది.

వెంట వచ్చినాయన ఇశ్రాయేలు మేస్త్రీ. ఏసోబు వాళ్ళ పల్లెలో కూలి ముఠా ఆయనదే. పత్తి తీతలకి, మిరప కోతలకి ఎవరు రావాలో, ఎవరు ఇంట్లో కూచోవాలో ఆయన నోటిమాట మీద ఉంటుంది. కౌలుకి పత్తి కూడా వేశాడు. పైగా సంఘ పెద్ద. చర్చిలో ముందు వరుస ఆయనది, కానుక సంచీ పట్టేది ఆయన.

"మొగుడూ పెళ్ళాం పొద్దున్నే పోట్లాడుకున్నారంట సిస్టరమ్మా. చేలోకొచ్చి మందు ఎత్తి తాగేశాడు" అన్నాడు.

"పొట్టలో ఏమీ లేదండీ. వీపు చూడండి, ఎలా ఉందో" అన్నాను.

"మీకు తెలవదులెండి. వీళ్ళ సంగతి మాకు తెలుసు" అని బీడీ వెలిగించుకోవడానికి బయటికి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే ఏసోబు భార్య దీనమ్మ నా దగ్గరికి జరిగింది. "తాగలేదమ్మా. వీపుకి తగిలించుకునే మందు పంపు కారతా ఉంది. వాషరు పోయిందయ్యా అని మా ఆయన చెప్తానే ఉన్నాడు. గోనెపట్టా కట్టుకుని కొట్టరా, వాషరు కోసం పని ఆపుతారా అన్నాడు మేస్త్రీ. మేమంటే ఆయనకి లెక్కేముందమ్మా."

మేస్త్రీ ఎందుకు అబద్ధమాడాడో అర్థం కావడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పంపు వల్ల మనిషి పడిపోయాడని తెలిస్తే ఆ పల్లెలో ఇంకెవడూ ఆయన పంపు భుజానికెత్తడు. దోమ ఆకు మీద కూచుని ఉంది, ఆయనకి పెట్టుబడి పోతుందనే భయం. అదే వాడు తాగాడనుకోండి, తప్పు పంపుది కాదు, మేస్త్రీది కాదు. వాడి పాపం వాడిదే అవుతుంది.

ఏసోబు బతికాడు. మంచం మీద లేచి కూర్చుని గంజి తాగిన రోజు మేమంతా సంతోషించాం. ఆ సంతోషం నాకు మా వ్యాను వాళ్ళ పల్లెకి వెళ్ళేదాకే మిగిలింది. మా ఆసుపత్రి వ్యాను పల్లెలు తిరిగి మందులిచ్చేది, దాన్ని విలేజ్ క్లినిక్ అనేవాళ్ళం. వాళ్ళ పల్లెలో చర్చి వరండాలోనే క్లినిక్. ఏసోబు వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. సంఘ కమిటీ తనని ప్రభువు బల్ల నుంచి తీసేసిందని చెప్పాడు. ప్రాణం తీసుకోబోవడం నరహత్యతో సమానమట. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం అందరికీ ఇస్తారు, తనకి ఇవ్వరు. సంఘమంతటి ముందు నిలబడి, నేను మందు తాగాను, పాపం చేశాను అని ఒప్పుకుంటే మళ్ళీ చేర్చుకుంటారు. ఒప్పుకునేదాకా ముఠాలోకి కూడా పిలుపు లేదు, తనకీ లేదు, దీనమ్మకీ లేదు.

"ఒక మాట అడుగుతానమ్మా" అన్నాడు. "పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పొద్దని ఆజ్ఞ ఉంది గదా. నా మీద నేను చెప్పుకుంటే తప్పా?"

చిన్నప్పటి నుంచీ సండే స్కూల్లో పది ఆజ్ఞలూ అప్పజెప్పినదాన్ని. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నాకు తట్టనూ లేదు.

"తప్పే ఏసోబన్నా. చెయ్యని పాపానికి క్షమాపణ అడిగితే దేవుణ్ణి వెక్కిరించినట్టు కాదూ" అన్నాను.

ఆయన నవ్వాడు. "దేవుడు వెక్కిరింపు ఓర్చుకుంటాడమ్మా. మేస్త్రీ ఓర్చుకోడు."

అక్కడినుంచి తిన్నగా పాస్టరు గారింటికి వెళ్ళాను. పల్లెలో ఆయన్ని అందరూ అయ్యగారు అంటారు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆయనుండే పెంకుటిల్లు మేస్త్రీ వేయించి ఇచ్చింది.

"అయ్యగారూ, ఆ మనిషి తాగలేదు. పొట్ట కడిగింది నేను" అన్నాను.

"కావచ్చమ్మా. కానీ కమిటీ తీర్మానం చేసేసింది. ఒప్పుకుంటే క్షమిస్తామంటున్నాం గదా. క్షమాపణ వల్ల ఎవరికి నష్టం?"

మేస్త్రీ అక్కడే ఉన్నాడు. "తీర్పు తీర్చొద్దని ప్రభువు చెప్పాడు గదా సిస్టరమ్మా. మీరెందుకు ఒకళ్ళ మీద తీర్పు తీరుస్తన్నారు?" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఏసోబు మీద తీర్పు తీర్చి కూచున్నది వాళ్ళు, వాక్యం నాకు అప్పజెబుతున్నారు. కంచే చేను మేస్తే ఇంక చెప్పుకునేదెవరితో.

మరుసటి నెల మొదటి ఆదివారం, ఏసోబు ఒప్పుకోబోతున్నాడని తెలిసి నేను ఆ పల్లెకి బస్సులో వెళ్ళాను. ఆయన తాగలేదని అందరి ముందూ నిలబడి చెప్పేద్దామనే వెళ్ళాను. ఆడవాళ్ళ వైపు చాప మీద దీనమ్మ పక్కన కూర్చున్నాను. ప్రసంగం అయ్యాక అయ్యగారు ఏసోబు పేరు పిలిచారు. నేను లేవబోయాను. దీనమ్మ నా పైట చెంగు పట్టుకుని లాగింది.

"కూసోండమ్మా" అంది, నా వైపు చూడకుండానే. "మీరు సాయంత్రం బస్సెక్కి పోతారు."

కూర్చున్నాను. ఏసోబు ఉతికిన పంచె కట్టుకుని ముందుకొచ్చాడు. అట్రోపిన్ దిగిపోయి ఎన్నాళ్ళో అయింది గానీ నోరెండిపోయినవాడిలా పెదాలు తడుపుకున్నాడు. "నేను మందు తాగాను. దేవుని ఎదట, సంఘం ఎదట పాపం చేశాను. నన్ను క్షమించండి" అన్నాడు. మేస్త్రీ అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

తర్వాత బల్ల ఆరాధన. రొట్టె ముక్కల పళ్ళెం వరసలో తిరుగుతూ ఏసోబు దగ్గరికి వచ్చింది. ఏ పళ్ళెం కోసమైతే ఆ మాటలన్నీ అన్నాడో, దాన్ని రెండు చేతులతో అందుకుని ముక్క తీసుకోకుండా పక్కవాడికి ఇచ్చేశాడు. ద్రాక్షరసం గ్లాసులూ అంతే.

బయటికొచ్చాక అడిగాను. "అయోగ్యంగా తింటే శిక్షకి తిన్నట్టేనని రాసి ఉంది గదమ్మా. గుళ్ళో నిలబడి అబద్ధమాడిన నోటితో అదెట్టా తింటాను?" అన్నాడు.

మెట్ల మీద మేస్త్రీ ఎవరితోనో అంటున్నాడు, "చూశారా, ఇంకా సిగ్గుపడతన్నాడు. మారుమనసంటే అదీ." నాకు ఆ క్షణం ఆ చర్చి గంట పీకి ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది. అప్పుడే కాదు, ఇప్పుడు రాస్తుంటే కూడా అనిపిస్తోంది.

ఏసోబుకి పని దొరికింది. దీనమ్మ పత్తి తీతకి వెళ్ళింది, మిరప కోతకీ వెళ్ళింది. పంపు మాత్రం ఏసోబు మళ్ళీ ఎత్తలేకపోయాడు, కాళ్ళు బలహీనపడ్డాయి. ఆ పంపుని ప్రభుదాసు అనే కుర్రాడి వీపుకెక్కించారు. కొత్తగా పెళ్ళయినవాడు, హుషారైనవాడు. ఏసోబు తానే తాగానని ఒప్పుకున్నాడు కాబట్టి పంపుని అనుమానించే పని ఎవరికీ లేకపోయింది.

మరుసటేడు పత్తి పూతకొచ్చినప్పుడు ప్రభుదాసుని మా క్యాజువాలిటీకి తెచ్చారు. చొక్కా వీపున తడి ఇంకా ఆరలేదు. నేను నోరు తెరవకముందే మేస్త్రీ గుమ్మంలో నిలబడి, "వీడు కూడా తాగాడమ్మా" అన్నాడు. పొట్ట కడిగాం, నీళ్ళు శుభ్రంగానే వచ్చాయి. డాక్టరమ్మ చెయ్యాల్సిందంతా చేసింది. కానీ దూరం నుంచి తెచ్చారు, ఆలస్యమైపోయింది. మా చేతుల్లోనే పోయాడు.

ఆత్మహత్య అని గంట కొట్టలేదు, సమాధుల తోటలోకి రానివ్వలేదు. కంచె బయట, జమ్ము పెరిగిన కాలవ గట్టున గొయ్యి తీశారు. నేను ఆసుపత్రి తరఫున వెళ్ళాను. మట్టి వేసేముందు ఏసోబు ముందుకొచ్చాడు.

"వీడు తాగలా" అన్నాడు. "నేనూ తాగలా. ఆ పంపు కారతది. ఆరోజు గుళ్ళో నేను చెప్పింది అబద్ధం."

అయ్యగారు తల దించుకున్నారు. జనంలో ఎవరో, "ఏందిరా, నీ నోటితో నువ్వే గదరా ఒప్పుకుంది, ఇప్పుడు మళ్ళీ మారుస్తన్నావా" అన్నారు. మేస్త్రీ మాట్లాడాల్సిన అవసరం కూడా రాలేదు. డాక్టరమ్మ చెప్పిందదే అని నేనూ అన్నాను. ఊళ్ళోవాళ్ళకి తెలియందా మీకు తెలుసేంటన్నారు. ప్రభుదాసు పెళ్ళాం మాత్రం ఏసోబు కేసే చూస్తూ నిలబడింది. "ఆరోజే ఈ మాట చెప్పుంటే నా మొగుడు ఆ పంపు ఎత్తేవాడు కాదు గదన్నా" అంది.

 ఏసోబు పార తీసుకుని మట్టి వెయ్యడం మొదలుపెట్టాడు. ఎవరు చెప్పినా ఆపలేదు, గొయ్యి మొత్తం ఆయనే పూడ్చాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. నర్సమ్మ కదా అని, పైగా వాక్యం తెలిసినదని, మంచం మీద ఉన్నవాళ్ళు ఏసోబు అడిగినటువంటి ప్రశ్నలు నన్ను అడుగుతూనే ఉండేవాళ్ళు. తప్పే అని ఒక్క ముక్కతో సరిపెట్టడం మానేశాను. మన మీద మనం చెప్పుకున్న అబద్ధం మన దగ్గర ఆగదని, పక్కవాడి దాకా పోతుందని చెప్పేదాన్ని. విని తలూపేవాళ్ళు. డిశ్చార్జి అయ్యాక మళ్ళీ ఎవరి మేస్త్రీ గడపలోకి వాళ్ళే వెళ్ళి నిలబడేవాళ్ళు. వెళ్ళొద్దని చెప్పే హక్కు నాకు లేదు. వాళ్ళింట్లో పొయ్యి వెలిగించేది నేను కాదు.