డ్రిల్లు మాస్టారి ఓ గేజి రైలు

నరసరావుపేట రైలు స్టేషనుకి కూతవేటు దూరంలో, రోమన్ కేథలిక్కుల బడిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసే రాజారత్నానికి నచ్చిన వస్తువు ఈ భూప్రపంచంలో ఇంకా తయారు కాలేదు. గొడుగు కొంటే కమ్మీ వంకర. లాంతరు కొంటే ఒత్తి పొట్టి. చెప్పులు కుట్టించుకుంటే ఎడమది కుడిదాని మాట వినదు. కొన్న ప్రతిదాన్నీ ఎండలోకి తెచ్చి, ఒక కన్ను మూసి చూసి, "నాసిరకం" అని తీర్పు చెప్పేదాకా ఆయనకి అన్నం సయించేది కాదు. ఆయన భార్య ఫిలోమినా ఏది వస్తే దానితో సంసారం ఈడ్చుకొచ్చే మనిషి. కొన్న చెంబుని ఆయన దుకాణానికి తిప్పి పంపమన్నప్పుడల్లా, "నాకొచ్చిన సరుకుని నేను వాపసు పంపానా? సర్దుకోవట్లా?" అనేది, అరుగుల మీద కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేట్టు. వీధి నవ్వేది. ఆయన కూడా మీసం చాటున నవ్వేవాడు.

పెళ్ళికి ముందు ఆయన రైల్వేలో గార్డు ఉద్యోగానికి వెళ్ళాడు. పరుగులో నెగ్గాడు, లెక్కల్లో నెగ్గాడు. చివర్లో డాక్టరు రంగురంగుల ఊలు ఉండలు బల్ల మీద పోసి, ఎర్రవన్నీ ఒక పక్కకీ ఆకుపచ్చవన్నీ ఇంకో పక్కకీ తీయమన్నాడు. ఈయన తీసిన తీరు చూసి కాగితం మడిచేశాడు. ఊళ్ళో మాత్రం రాజారత్నం, "రమ్మనే అన్నారు. ఏడాదికో ఊరు తిప్పుతారని నేనే వద్దన్నా" అని చెప్పుకున్నాడు. పెళ్ళయ్యాక ఫిలోమినాకీ అదే చెప్పాడు.

ఫిలోమినా ఆ మాటని మిరపకాయలు పండేదాకా నమ్మింది. పెరట్లో పండుమిరపకాయలు కోసుకురమ్మంటే ఆయన సగం పచ్చివి కోసుకొచ్చి, అన్నీ పండినవేనని వాదించాడు. పల్నాడులో పుట్టి పండుమిరపకాయకీ పచ్చిమిరపకాయకీ తేడా తెలియని మొగాడుంటాడా అని ఆమె విస్తుపోయింది. ఆ తరవాత అత్తగారు ఊలు ఉండల సంగతి చెవిన వేసింది. ఆ ఏడు ఆయన మురిసిపోతూ తెచ్చిన "ఆకుపచ్చ" చీర దానిమ్మగింజల రంగులో ఉంటే, దాన్ని చిరిగేదాకా ఆకుపచ్చ చీర అనే పిలిచింది. ఈ ఒక్క విషయంలో ఆమె ఎప్పుడూ ఆయన్ని ఆటపట్టించలేదు. ఆటపట్టించడానికి ఇంకా బోలెడు ఉన్నాయి మరి.

అందులో మొదటిది రైలు. రైల్వే ఇంజనీరు దొర ఒకాయన ఇంగ్లండు సీమకి వెళ్ళిపోతూ సామాను వేలం వేయించాడు. ఇంట్లోకి కుర్చీలు తెస్తానని వెళ్ళిన మాస్టారు, కీ ఇస్తే నడిచే రేకు ఇంజనొకటి, దాని వెనక తగిలించే మూడు పెట్టెలు చంకన పెట్టుకుని వచ్చాడు.

"కుర్చీలు ఏయండీ?" అంది ఫిలోమినా.

"ఫస్టు క్లాసు పెట్టెలోకి తొంగి చూడవే. కుర్చీలు ఎంత బాగుండయ్యో!"

కుర్చీలు ఉన్నాయి కానీ పట్టాలు లేవు. దొరగారి పిల్లలు వాటిని బావిలో వేసి ఆడుకున్న సంగతి వేలం వేసినవాడు చెప్పలేదు. ఇంజను కడుపు కింద ఇంగ్లీషు "ఓ" అక్షరం అచ్చు వేసి ఉంది. అసలు రైళ్ళకి పెద్ద లైను, చిన్న లైను ఉన్నట్టే బొమ్మ రైళ్ళకి కూడా కొలతలు ఉంటాయనీ, తనది ఓ గేజి రైలనీ మాస్టారు కనిపెట్టి, గుంటూరులో మక్బూల్ సాయిబు ఫ్యాన్సీ దుకాణానికి వెళ్ళాడు. అద్దాలూ అత్తర్లూ బొమ్మలూ మదరాసు నుంచి తెప్పించే దుకాణం అది.

"సాయిబుగారూ, ఓ గేజి పట్టాలు తెప్పించాలి, బండి గుండ్రంగా తిరిగొచ్చేట్టు" అన్నాడు. సాయిబు రాసుకున్నాడు.

కొన్ని నెలలకి పట్టాలు వచ్చాయి. వీధి వీధంతా చేరింది. మాస్టారు చాప మీద పట్టాలు పరిచి ఇంజను పెట్టాడు. అది పట్టాల మీద నిలబడలేదు, రెండు పట్టాల మధ్య నేల మీద నిలబడింది, ఎడ్ల కాడి కింద దూడని కట్టినట్టు. మాస్టారు ఆ పూటే గుంటూరు బండి ఎక్కాడు. ఆ వెళ్ళడం ఎట్లా ఉంటుందో చూద్దామని ఫిలోమినా కూడా ఎక్కింది.

"నా తప్పేంది మాస్టారూ?" అన్నాడు మక్బూల్ సాయిబు తొణక్కుండా. "మీరు ఓ గేజి అన్నారు. ఓ కొబ్బరికాయ ఇవ్వమంటే ఎన్ని ఇస్తాం? ఒకటి. క్యాటలాగులో చూస్తే ఒకటో నంబరు గేజి ఉంది. తెప్పించా."

"అది తెలుగు ఓ కాదయ్యా, ఇంగ్లీషు ఓ!"

"తెలుగులో మాట్లాడతా మాట్లాడతా మధ్యలో ఇంగ్లీషు ఓ అంటే నాకెట్టా తెలుస్తది? అది టోపీ పెట్టుకోని వస్తదా?"

ఫిలోమినా పైటచెంగు నోట్లో కుక్కుకుని దుకాణం బయటికి వచ్చేసింది. తెలుగు వాడికి తెలుగే అడ్డం పడటం ఆమె చూడటం అదే మొదటిసారి.

పట్టాలు వాపసు వెళ్ళాయి, వాటి బదులు వేరేవి రాలేదు. అది నలభయ్యో సంవత్సరం. యుద్ధం పుణ్యమా అని అమ్మేవాళ్ళందరికీ ఒక్క జవాబు దొరికింది. కిరసనాయిలు ఏదంటే యుద్ధం, గుడ్డ ఏదంటే యుద్ధం. మాస్టారు పట్టాలు అడగడానికి వెళ్తే మక్బూల్ సాయిబు నోరు తెరవకుండానే చెయ్యి పైకెత్తి ఆకాశం చూపించేవాడు. ఫిలోమినా పింగాణీ పళ్ళేలు పెట్టుకుందామనుకున్న అద్దాల బీరువాలో ఏళ్ళ తరబడి రైలు ఆగిపోయింది. "మాస్టారూ, బండి ఎన్నింటికి?" అని దారిన పోయేవాళ్ళు అడిగేవాళ్ళు. "సిగ్నలు పళ్ళేదయ్యా" అనేవాడు ఆయన, మొహం చిట్లించుకుని.

స్వరాజ్యం వచ్చిన ఏడు పట్టాలు కూడా వచ్చాయి. ఈసారి మక్బూల్ సాయిబు "ఓ" విషయంలో ఎంత జాగ్రత్త పడ్డాడంటే, గుండ్రం సంగతి మరిచేపోయాడు. వచ్చినవన్నీ తిన్నని పట్టాలే. వరసగా పరిస్తే ముందుగదిలో మొదలై, వంటింట్లోంచి పోయి, పెరట్లో కోళ్ళగూడు దగ్గర తేలాయి.

"బాగుందండీ. గుడ్లు తేవడానికి పనికొచ్చిద్ది" అంది ఫిలోమినా.

"నాసిరకం బుర్రలే, నాసిరకం బుర్రలు!" అని మాస్టారు మళ్ళీ గుంటూరు వెళ్ళి సగం మార్పించుకొచ్చాడు. వంపు పట్టాలు వచ్చాయి, వాటిని అతికించే పిన్నులు వదులు. పిన్నులు బిగిస్తే, కీ ఇస్తుండగా ఇంజనులో స్ప్రింగు టప్పున తెగింది. గడియారాలు బాగుచేసే అబ్దుల్ జబ్బార్ పాత గ్రామఫోను స్ప్రింగు ముక్క కోసి లోపల బిగించాడు. కీ ఇచ్చి వదిలితే ఇంజను పెట్టెల్ని లెక్కచేయకుండా ఎగిరి, పాలగిన్నె తన్ని, మంచం కిందికి దూరింది.

"బలం చానా ఉంది మాస్టారూ, పట్టాలుంటే మాచర్ల దాకా పోయిద్ది" అన్నాడు జబ్బార్ గర్వంగా. స్ప్రింగుని మళ్ళీ కోయించడానికి మాస్టారు జబ్బార్ చుట్టూ ఇంకొన్నాళ్ళు తిరగాల్సి వచ్చింది.

ఆ కోపంలో మాస్టారు వీధి మధ్య నిలబడి ఒట్టు పెట్టుకున్నాడు. "ఈ క్రిస్మసుకి మన బడి వరండాలో కట్టే బాలయేసు పశువుల పాక చుట్టూ ఇది తిరగకపోతే, జిలానీ పాత ఇనప కొట్లో తూకానికి వేసేస్తా!" ఆ దారిన వస్తున్న కొత్త స్టేషను మాస్టరు గులాం మొహిద్దీన్ ఆ మాట విని, నవ్వి, "అయితే ఆ రోజు నేను కూడా వచ్చి చూస్తా" అన్నాడు. మర్యాదస్తుడు, అన్న మాట తప్పేవాడు కాదు.

ఆ మాటతో మాస్టారికి నిద్ర పట్టలేదు. ఫిలోమినాకి ఆయన మనసు అద్దంలో కనిపించినట్టు కనిపించింది. ఇనప కొట్టు పెద్ద విషయం కాదు. వద్దు పొమ్మన్న రైల్వే నుంచి ఒక మనిషి వస్తున్నాడు. ఆ మనిషి ముందు ఒక్కసారి, ఒక్క బండికి, ఈయన గార్డుగా నిలబడాలి. ఆమెకి మొదటిసారి ఆ రేకు డబ్బా మీద జాలి వేసింది, ఆయన మీద అంతకన్నా ఎక్కువ వేసింది.

గార్డు ఆయనే కాబట్టి డ్రైవరు ఫిలోమినా అయింది. ఇంజను పక్కన మీట ఉంది, దాన్ని నొక్కితే బండి కదులుతుంది. పాత గుడ్డలతో రెండు జెండాలు ఆమే కుట్టింది. పచ్చజెండా అంచున లోపలికి చిన్న ముడి వేసింది. "ఈ ముడి ఎందుకే?" అని ఆయన అడిగితే, "దారం మిగిలింది" అంది. ఆయన వేలితో ఆ ముడిని రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. రోజూ సాయంత్రం రిహార్సలు. ఎప్పుడూ పచ్చజెండా తప్పలేదు.

"చూడవే, నేను పచ్చజెండా ఊపితేనే కదలాలి. ఎర్రజెండా చూపితే పిడుగు పడ్డా కదలకూడదు. అది రైల్వే రూలు."

"సరే గార్డుగారూ."

క్రిస్మసు నాడు మధ్యాహ్నం పూజ అయ్యాక బడి వరండా కిటకిటలాడింది. పాకలో బాలయేసు పడుకుని ఉన్నాడు. జ్ఞానులు పాపం ఒంటెల మీద ఎడారులు దాటి వచ్చారు, మన మాస్టారు ఇంత ఆలస్యంగానైనా బేత్లెహేముకి రైలు వేయించాడు. పట్టాలు పాకని చుట్టి వచ్చాయి. మాస్టారు ఖాకీ కోటు వేసుకుని, మెళ్ళో డ్రిల్లు విజిలుతో వరండా ఒక చివర నిలబడ్డాడు. ఇంజను దగ్గర ఫిలోమినా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

గులాం మొహిద్దీన్ వచ్చాడు. ఉత్త చేతులతో రాలేదు. చంకలోంచి రెండు జెండాలు తీశాడు, కర్రలకి చుట్టినవి, అసలైన రైల్వే జెండాలు.

"మాస్టారూ, గార్డుకి గుడ్డపీలికలు ఏంది? ఇయ్యాళ మీరు వీటినే ఊపాలి" అని రెండు చేతులా అందించాడు.

మాస్టారి మొహం వెలిగిపోయింది. ఫిలోమినా కుట్టిన జెండాల్ని కుర్చీలో పడేసి, ఆ కొత్తవాటిని గుండెకి ఆనించుకున్నాడు. ఫిలోమినా మాత్రం కుర్చీలో పడి ఉన్న ముడి జెండానే చూసింది. పిలవాలనుకుంది. ఏమని పిలుస్తుంది, ఇంతమందిలో?

ఆయన జెండాల చుట్టలు విప్పాడు. వేళ్ళు అంచు వెంబడి నడిచాయి. ఒకదాని అంచు, తరవాత రెండోదాని అంచు. మళ్ళీ మొదటిది. ఆయన మొహంలో వెలుగు తగ్గింది. దీన్ని చూశాడు, దాన్ని చూశాడు. జనం ఎదురుచూస్తున్నారు. ఒక్క క్షణం ఫిలోమినా వైపు చూశాడు, బడిలో లెక్క రాని పిల్లాడు చూసినట్టు. తరవాత గట్టిగా ఊపిరి పీల్చి, విజిలు ఊది, ఒక జెండా పైకెత్తి ఊపాడు.

ఎర్రజెండా.

ఫిలోమినా వేలు మీట మీద ఉంది. పిడుగు పడ్డా కదలకూడదు. కదలకపోతే ఆయన మళ్ళీ ఊపుతాడు, ఇంకా గట్టిగా ఊపుతాడు. అప్పుడు ఎవరో ఒకరు ఆ రంగు పేరు పైకి అంటారు. గులాం మొహిద్దీన్ అసలే రైల్వే మనిషి, అలవాటు కొద్దీ చెయ్యి అడ్డంగా లేపబోతున్నాడు కూడా. ఊలు ఉండల నాటి నుంచి దాచుకున్నదంతా పాక ముందు బయటపడుతుంది.

ఆమె మీట నొక్కింది.

బండి కదిలింది. ఇంజను గరగరలాడుతూ ఒంటెల్ని దాటింది, గొర్రెల్ని దాటింది. "అది ఎర్రజెండా గ..." అని వెనక ఎవరో మొదలుపెట్టారు. గులాం మొహిద్దీన్ జెండా చూశాడు, ఫిలోమినాని చూశాడు. ఆమె ఆయన కళ్ళలోకి తిన్నగా చూసింది. సగం లేచిన చెయ్యి రెండో చేతిని కలుపుకుని చప్పట్లు కొట్టింది. దానితో వరండా అంతా చప్పట్లే. రెండో చుట్టులో పిన్ను ఊడి చివరి పెట్టె ఒక జ్ఞాని బొమ్మ కాళ్ళకి తగిలి దాన్ని ఒరగదోసింది. అయినా ఎవరూ పట్టించుకోలేదు. "భేష్ గార్డుసాబ్!" అన్నాడు గులాం మొహిద్దీన్. జెండాలు మాస్టారినే ఉంచుకోమని చెప్పి వెళ్ళాడు. మాస్టారు ఆయనకి సెల్యూటు కొట్టాడు.

జనం వెళ్ళాక, ఇంకా పొద్దు ఉండగానే, ఇద్దరూ పట్టాలు ఊడదీసి పెట్టెలో సర్దుతున్నారు. మాస్టారు జెండాల్ని మడుస్తూ ఆగాడు. రెండింటి అంచుల్నీ మొదటి నుంచి చివరిదాకా, నెమ్మదిగా, మళ్ళీ తడిమి చూశాడు.

"ఏమే."

"ఊఁ."

"నేను ఊపింది ఏ జెండా?"

ఫిలోమినా పిన్నులు ఏరుతూ తల ఎత్తలేదు. "బండి కదిలిన జెండా" అంది.

ఆయన వంగి పాకలో ఒరిగిపోయిన జ్ఞానిని నిలబెట్టాడు. ఆ తరవాత రెండు జెండాలూ ఎండలోకి తీసుకెళ్ళి, ఒక కన్ను మూసి, ఎగాదిగా చూశాడు.

"నాసిరకం" అన్నాడు. "ఇంత పెద్ద రైల్వే వాళ్ళు, జెండాకి ముడి వెయ్యడం మర్చిపోయారు."

"ఇట్టా తెండి" అంది ఫిలోమినా, రవికకి గుచ్చుకున్న సూది తీస్తూ. "వాపసు పంపడం ఎందుకు? నేనేస్తా."