దగ్గరి మాట రాయను

మా ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. దుడుకుపిల్ల అనేవాళ్ళు. గబగబా తినకు, దడదడా మెట్లు దిగకు, చటుక్కున లేచిపోకు, టక్కున ఎదురు చెప్పకు. వేగానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో మా నాయనమ్మ అన్నీ నా మీదే ఖర్చు పెట్టేది. నా పక్కనే కూర్చుని నాకంటే ముందు తిని లేచే అన్నయ్యది మాత్రం చురుకు. అతనిది చురుకెట్లా అయింది, నాది దుడుకెట్లా అయింది అని ఒకసారి అడిగాను. "చూడు, మళ్ళా టక్కున అడిగేసె" అంది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పోగొట్టుకునే ఉద్దేశం కూడా లేదు.

పుదుచ్చేరి బజారులో మాకు పాత్రల కొట్టు ఉండేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు. నేనూ పెళ్ళయి పిల్లలు పుట్టాక పట్టుబట్టి నేర్చుకున్నదాన్నే. డెబ్బయ్యో దశకం మధ్యలో నా స్కూలు చదువు అయిపోయింది. పెళ్ళి కుదిరేదాకా ఊరికే కూర్చుంటే నోరు ఇంకా పెరుగుతుందని నన్ను టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పంపారు. అది మందుల షాపు మేడ మీద ఉండేది. టైపుతో పాటు షార్ట్‌హ్యాండ్ కూడా నేర్పేవాళ్ళు.

మాస్టరు మా వాళ్ళే, తెలుగాయన. చెవుల మీద వెంట్రుకలు, చేతిలో ఎర్ర పెన్సిలు. ఆయన డిక్టేషన్ చెబితే మేం గీతల్లో రాసుకుని, తర్వాత ఆ గీతలు చదువుకుంటూ టైపు కొట్టాలి. గీత అర్థం కాని చోట అందరం ఒకే దొంగ పని చేసేవాళ్ళం. అక్కడికి సరిపోయే మాట ఏదో ఒకటి ఊహించి పెట్టేసేవాళ్ళం. ఆయన సడన్ అని చెప్పిన చోట నేనొకసారి క్విక్ అని కొట్టాను. కాగితం నిలువునా చింపేశాడు.

"తెలియకుంటే ఖాళీ విడిచిపెట్టు పాపా. దగ్గరి మాట పెట్టేదానికి నువ్వెవరు?"

"రెండూ వేగమే కదా సార్."

"ఏంది వేగం? కాలాపేట పొయ్యే బస్సుండాదే, అది ఫాస్ట్. కింద టీ కొట్టాయన మనం నోరు తెరిచేలోపల గ్లాసు ముందర పెడతాడు, అది క్విక్. మబ్బు లేకుండా వాన కొడితే సడన్. మాట్లాడతా మాట్లాడతా ఉండగానే ఒకడు లేచి పోయినాడంటే అబ్రప్ట్. చదవకుండా సంతకం పెట్టినావనుకో, అది హేస్టీ." ఎర్ర పెన్సిలు నా వైపు చూపించాడు. "సడన్ మన మీదికి వస్తుంది. హేస్టీ మనం చేస్తాము. ఒకదాంట్లో ఎవురి తప్పూ లేదు. ఇంకోదాంట్లో ఉండాది. ఇది మరిస్తే నీ కాగితం ఎవురి మెడకో చుట్టుకుంటుంది."

ఆ రోజు మేడ మెట్లు దిగుతుంటే నాకు మా నాయనమ్మ అర్థమైంది. దుడుకు అన్నప్పుడు ఆమె నా వేగం గురించి చెప్పడం లేదు, తప్పు నాదని తీర్పు చెబుతోంది. నా తిండి, నా నడక, నా జవాబు అన్నీ విచారణ లేకుండా తేలిపోయిన కేసులు.

పరీక్షలు పాసయ్యాక మురుంగపాక్కం దగ్గర అట్టపెట్టెలు చేసే చిన్న కార్ఖానాలో ఉద్యోగం దొరికింది. ఆఫీసుకంతా ఒకటే మెషిను, ఒకతే టైపిస్టు. ప్రతి ఉత్తరం కింద ఎడమవైపు మేనేజరు ఇనిషియల్స్ పెద్దక్షరాల్లో, ఒక గీత, ఆ పక్కన నా ఇనిషియల్స్ చిన్నక్షరాల్లో కొట్టాలి. చెప్పినదెవరు, కొట్టినదెవరు అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. మొదటి రోజు చెడిపోయిన కాపీ ఒకటి ఇంటికి తీసుకెళ్ళి, ఆ చిన్నక్షరాలు మా నాయనమ్మకు చూపించాను. ఆమెకు ఆ అక్షరాలు రావు, అయినా వేలితో తడిమి చూసింది.

కార్ఖానాలో అట్టలు కోసే మెషిను ఉండేది. పెడల్ తొక్కితే పైనుంచి కత్తి దిగుతుంది. దాని మీద పనిచేసే ఆయనది రెడ్డియార్‌పాళయం. మా అమ్మ వైపు దూరపు చుట్టం, మామా అని పిలిచేదాన్ని. ఒకరోజు భోజనాల వేళకు ముందు ఆయన అట్ట సరిచేస్తుండగా, పెడల్ మీద కాలు పెట్టకుండానే కత్తి దిగింది. కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. నేను పరుగెత్తి వెళ్ళేసరికి సూపర్‌వైజరు తన చొక్కా చింపి ఆ చేతికి కడుతున్నాడు.

మర్నాడు మేనేజరు సూపర్‌వైజరుని కూర్చోబెట్టి జరిగింది చెప్పమన్నాడు. అతను తమిళంలో చెప్పాడు. కాలు నేల మీదే ఉంది, కత్తి దానంతట అదే దిగింది, నేను పక్కనే ఉన్నాను అన్నాడు. మేనేజరు ఒక్కో వాక్యాన్నీ ఇంగ్లీషులోకి మార్చి నాకు డిక్టేషన్ చెప్పాడు. కత్తి సడన్‌గా దిగింది అన్నది ఆయన నోటి మాటే. నా నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన యజమాని ఇంటికి వెళ్ళాడు. మర్నాడు పొద్దున వచ్చి, కత్తి మాట తీసేసి, పనివాడు హేస్టీగా చెయ్యి లోపల పెట్టాడని కొట్టమన్నాడు. ఆ రిపోర్టు కార్ఖానాలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుకి వెళ్తుంది. తప్పు మెషినుదైతే మామకి కార్ఖానాలోనే ఇంకో పని చూపించాలి. తప్పు మామదైతే అజాగ్రత్త అని చెప్పి పంపించెయ్యొచ్చు. వేళ్ళు లేని కుడిచెయ్యి పట్టుకుని బయట ఎవరి దగ్గరికి వెళ్తాడు?

"సార్, నిన్న మీరు సడన్ అన్నారు" అన్నాను.

ఆయన నవ్వాడు. "రెండూ దగ్గర దగ్గర మాటలేనమ్మా. కొట్టు."

కొట్టాను. ఒకటి అసలు, నాలుగు కార్బన్ కాపీలు, అన్నింటి కిందా నా ఇనిషియల్స్. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతకు మించి కారణం లేదు. నా జన్మలో నేను నిజంగా హేస్టీగా చేసిన పని అదొక్కటే. తమాషా ఏమిటంటే ఆ రోజు నన్ను ఎవరూ దుడుకు అనలేదు, బుద్ధిమంతురాలన్నారు.

ఆదివారం మామని చూడడానికి వెళ్ళాను. చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. అత్త కాఫీ ఇచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మేనేజరు ఇంటికొచ్చి పోయినాడు పాపా. ఈయన తొందరపడినాడంట. ఇప్పుడు ఈయన కూడా అదే అంటా ఉండాడు."

మామే అందుకున్నాడు.

"నాదే తొందర అయ్యుంటుంది. కాలు యాడ పెట్టినానో నాకే సరింగా గెవనం లేదు. ఇన్నేండ్లుగా పని చేసినోడ్ని, చెయ్యి యాడ పెట్టాలో తెలియకపోయె చూడు" అన్నాడు, పోయిన వేళ్ళకి తనే క్షమాపణ చెబుతున్నట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వేళ్ళు పోయింది ఆయనకి, తప్పు కూడా ఆయనకే అంటించారు, ఆ అంటించిన కాగితం కింద ఉన్నది నా అక్షరాలు. నాయనమ్మ నన్ను అన్నన్నాళ్ళు నేనూ కొంత నమ్మాను కాబట్టి, మనిషి తన మీద పడిన మాటని ఎట్లా నమ్మేస్తాడో నాకు తెలుసు.

"మామా, నీ కాలు నేల మీదే ఉంది. సూపర్‌వైజరు చెప్పినాడు. నా బుక్కులో ఉండాది" అన్నాను.

ఇన్‌స్పెక్టరు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నేను నోటుబుక్కు సంచిలో పెట్టుకుని తిరిగాను. రేపు చెబుదాం, అసలు చెప్పొద్దు, ఉద్యోగం పోతే మళ్ళీ పాత్రల కొట్టు వెనక గదే గతి అని రోజుకో రకంగా అనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. మాస్టరు దగ్గరికి మాత్రం వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. "బుక్కు భద్రంగా పెట్టుకో" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మేనేజరు గదిలో రిపోర్టు చదువుతుంటే, పిలవకుండానే లోపలికి వెళ్ళాను. ఇది నేను కొట్టినదే గాని మొదట చెప్పింది ఇది కాదు అని, నోటుబుక్కు బల్ల మీద పెట్టాను. మేనేజరు ముఖం ఎర్రబడింది. ఈ పిచ్చిగీతలు ఆమె తప్ప ఎవరూ చదవలేరు, ఏమైనా చెబుతుంది అన్నాడు. బజారులో ఇంకొకరు చదవగలరని నేను చెప్పాను. ఇన్‌స్పెక్టరు జీపు పంపి మాస్టరుని పిలిపించాడు.

మాస్టరు కళ్ళజోడు తుడుచుకుని, నా వైపు చూడకుండా, గీత తర్వాత గీత పైకి చదివాడు. ఎక్కడా ఆగలేదు. సడన్ దగ్గరికి వచ్చినప్పుడు ఎర్ర పెన్సిలు కొన దాని కింద పెట్టి ఇన్‌స్పెక్టరుకి చూపించాడు. ఆ తర్వాతి వాక్యంలో ఒక గీత పొట్టిగా వేశానని నన్ను కసిరాడు కూడా. అప్పుడు సూపర్‌వైజరుని పిలిచి అడిగితే, తల వంచుకుని, అవును సార్, నేను చెప్పింది అదే అన్నాడు.

మెషిను ఆపేసి బాగు చేయించారు. మామని గేటు దగ్గర పెట్టారు. వచ్చే పోయే సరుకు చూసుకునే పని. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. నేను సైకిలు తోసుకుంటూ లోపలికి వెళ్తుంటే, "ఏంది పాపా, ఇంత మెల్లగా వస్తా ఉండావే" అని ఏడిపించేవాడు.

నాకు మెమో ఇచ్చారు. అది కూడా నేనే కొట్టాలి, ఇంకెవరున్నారు? మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ డిక్టేషన్ చెప్పాడు. నేను పెన్సిలు చెక్కుకుని రాసుకున్నాను. ఆఫీసు నియమాలు మీరి, పై అధికారికి చెప్పకుండా, టైపిస్టు హేస్టీగా ప్రవర్తించింది. అది చెప్పినప్పుడు మాత్రం నా వైపు తిరిగాడు.

మెషిను ముందు కూర్చుని ఒకటి అసలు, నాలుగు కార్బన్‌లు సర్దాను. వాక్యమంతా ఆయన చెప్పినట్టే కొట్టాను. ఆ ఒక్క మాట దగ్గర ఖాళీ వదిలి, కాగితాలు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"ఇక్కడ మాట ఏది?" అన్నాడు.

"మీరు చెప్పిన మాట ఇక్కడ కుదరదు సార్. పదకొండు రోజులు ఆలోచించి చేశాను. దానికి ఇంగ్లీషులో డెలిబరేట్ అని మాటుంది. అదైతే కొడతాను, సంతకమూ పెడతాను. దగ్గరి మాట రాయను."

సరే, అదే కొట్టు అని ఆయన కాగితాలు నా వైపు తోశాడు. మళ్ళీ మెషిను దగ్గరికి వెళ్ళి, ఆ ఖాళీ సరిగ్గా అచ్చు పడే చోటికి తెచ్చుకుని, తొందరపడకుండా, ఒక్కో అక్షరమూ అయిదు కాగితాల మీదా పడేట్టు గట్టిగా కొట్టాను. కింద ఎడమవైపు ఆయన ఇనిషియల్స్, ఒక గీత, నావి. ఆ ఒక్కసారి మాత్రం నావి కూడా పెద్దక్షరాల్లో కొట్టాను.